నలభై కప్పుల స్టీలు సంస్కారపు ట్రే సెట్టు: కడిగేవాళ్ల వైపు నుంచి ఒక సమీక్ష

చర్చిలో యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆచారాన్ని సంస్కారం అంటాం, ప్రభువు బల్ల అనీ, ఉత్త బల్ల అనీ అంటాం. ఆ సంస్కారపు ట్రేలు కొనడానికి వెళ్లేది పాస్టరు గారు, కోశాధికారి, ఒకరిద్దరు డీకన్లు (సంఘ పరిచారకులు). వాటిని నింపేదీ కడిగేదీ స్త్రీల సమాజం అక్కలు. కొనేవాళ్లు మెరుపు చూస్తారు, మూత మీద సిలువ నిటారుగా ఉందో లేదో చూస్తారు. సెట్టు మంచిదా కాదా అన్నది మాత్రం ఆరాధన ముగిశాక కుళాయి దగ్గర తేలుతుంది. అందుకే ఈ సమీక్షలో మార్కులు అక్కడి నుంచే వేస్తున్నాం.

బైబిళ్లు, కీర్తనల పుస్తకాలు అమ్మే క్రైస్తవ దుకాణాల్లోనూ ఆన్‌లైన్లోనూ దొరికే మామూలు సెట్టు ఇది, పెద్ద బ్రాండేమీ కాదు. నలభై చిల్లుల ట్రేలు నాలుగు, అడుగు పళ్లెం, సిలువ పిడి ఉన్న మూత, రొట్టె పళ్లేలు రెండు, గాజు కప్పులు 160. బల్లలో పాలుపొందేవాళ్లు నూట ఇరవై నుంచి నూట యాభై మంది ఉన్న బాప్టిస్టు సంఘానికి సరిగ్గా సరిపోతుంది. ఈస్టరుకీ, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకీ సరిపోదు. బాప్తిస్మాలు ఇచ్చిన ఆదివారమూ అంతే. నీళ్లలోంచి వచ్చి బట్టలు మార్చుకున్నవాళ్లకి సహవాసపు కుడిచెయ్యి ఇచ్చి, అంటే చెయ్యి కలిపి సభ్యులుగా తీసుకుని, అదే రోజు బల్లకి చేర్చుకుంటారు కాబట్టి లెక్క పెరుగుతుంది. వాళ్ల బంధువుల్లో వేరే సంఘాల సభ్యులూ ఉంటారు. మామూలు హాజరుకి పాతిక శాతం కలుపుకుని కొనండి. ఐదో ట్రే తర్వాత కొందాంలే అనుకుంటే అది అదే కొలతలో దొరక్కపోవచ్చు, పాతవాటి మీద కుదురుగా కూర్చోదు.

ముందు లోహం సంగతి. విశాఖ గాలిలో ఉప్పు ఉంది, పాత పట్టణం, బీచ్ రోడ్డు వైపు చర్చిల్లో మరీ ఎక్కువ. ఇక్కడ చవక స్టీలుకి చుక్కలు చుక్కలుగా తుప్పు మరకలు వస్తాయి. మొదట వచ్చేది అంచు మడతలోనూ, పిడి అతికించిన చోటా. నీళ్లు నిలబడేది అక్కడే. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందనుకుంటారు చాలామంది. ఆ పరీక్ష సగమే పనికొస్తుంది. అయస్కాంతం గట్టిగా పట్టేసుకుంటే అందులో నికెల్ లేదని తెలుస్తుంది, అంతే. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న 304 రకమూ, నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 202 రకమూ రెండూ అయస్కాంతానికి పెద్దగా అంటవు. మన గాలికి తట్టుకునేది 304. కాబట్టి బిల్లు మీద 304 అని రాయించుకోండి. రాయనంటే బేరం ఆపెయ్యండి.

బంగారు రంగు సెట్లు ఫొటోల్లో బాగుంటాయి. వాటిలో చాలావరకు రంగు ఎక్కించిన అల్యూమినియం. తేలిక, అదొక్కటే సుఖం. వాషింగ్ సోడా కలిసిన పొడితో రుద్దితే ఆ రంగు పొర తినేస్తుంది, కొన్నాళ్లకి ట్రే మచ్చలు పడుతుంది. ఇత్తడి అసలొద్దు. ద్రాక్షరసం పులుపుకి చిలుము పడుతుంది.

ఈ సెట్టులో మాకు బాగా నచ్చింది చిల్లుల పలక. అది కింది పళ్లెం నుంచి విడిగా పైకి వచ్చేస్తుంది. కొన్ని సెట్లలో పలకని రివెట్లతో బిగించేస్తారు. నింపేటప్పుడు జారిన రసం పలక కిందకి దిగి, అక్కడే పులిసి, మర్నాటికి చీమల్నీ తర్వాత బొద్దింకల్నీ పిలుస్తుంది. కడగడానికి వేలు దూరదు. వచ్చే సంస్కారపు ఆదివారం మూత తీస్తే పుల్లని వాసన. బిగించిన పలక ఉన్న సెట్టుని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దంటాం.

నచ్చనిది మూత. సిలువ పిడి ఒక్క మరతో నిలబడి ఉంటుంది, ఎత్తిన ప్రతిసారీ కాస్త తిరుగుతుంది. లోపల ఒక రబ్బరు వాషరు వేసి బిగిస్తే సరిపోతుంది. తయారుచేసినవాళ్లే వేసి ఉండాల్సింది.

బరువు కూడా చూసుకోవాలి. ఒక ట్రే, నలభై గాజు కప్పులు, 480 మిల్లీలీటర్ల రసం కలిపితే రెండు కేజీలు దాటుతుంది. నాలుగూ మూతతో కలిపి ఎనిమిదీ తొమ్మిదీ కేజీలు. వంటగది నుంచి బల్ల దాకా మొత్తం దొంతర ఒక్కరే ఎత్తుకెళ్లకూడదు. రెండేసి చొప్పున తీసుకెళ్లి బల్ల మీదే పేర్చాలి. కుర్చీలున్న చర్చిలో ట్రే చేతి నుంచి చేతికి వెళ్తుంది, ఈ బరువు ఇబ్బందే కాదు. జంపఖానాల మీద కూర్చునే సంఘంలో మాత్రం డీకను వంగి, ట్రేని ఒక చేత్తో కింద నుంచి, రెండో చేత్తో అంచు దగ్గర పట్టుకుని వరసంతా నడవాలి. ఈ సెట్టుకి అంచు వెడల్పు తక్కువ, బొటనవేలికి పట్టు చాలదు. అలాంటి సంఘాలు వెడల్పు అంచున్న రకం వెతుక్కోవడం మేలు. కింద కూర్చున్నవాళ్లు తాగిన కప్పుని పక్కన నేల మీద పెట్టేస్తారు, లేచేటప్పుడు కాలు తగులుతుంది. గాజు కదా! తాగిన వెంటనే వెనకే ఖాళీ ట్రేతో ఇంకొకరు రావాలి. నిండు కప్పులున్న ట్రేలోనే తాగినవి పెట్టనివ్వకూడదు. తర్వాతి వ్యక్తికి ఏది ఏదో తెలియదు.

కప్పుల్లో గాజువే మేలు. అక్రిలిక్ కప్పులు తేలికే గానీ, శానిటైజరో స్పిరిటో పెట్టి తుడిస్తే వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. వాటిని సబ్బునీళ్లతో మాత్రమే కడగాలి. వాడి పారేసే ప్లాస్టిక్ కప్పుల సంగతి ఎత్తనక్కర్లేదు. 2022 జూలై 1 నుంచి నిషేధించిన వస్తువుల జాబితాలో ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు ఉన్నాయి. కప్పు మీదే రొట్టె బిళ్ల పెట్టి సీలు వేసిన రెడీమేడ్ రకం కరోనా రోజుల్లో బాగా పనికొచ్చింది. ఇప్పుడు దాన్ని కొనసాగించడం మాత్రం మేము మెచ్చుకోం. పైన ఒక పొర, కింద ఒక పొర, పెద్దవాళ్ల వేళ్లకి రెండూ ఊడిరావు. మౌనంగా ఉండాల్సిన నిమిషంలో హాలంతా కరకర.

ఇంతకీ విడివిడి కప్పుల పద్ధతి మరీ పాతదేం కాదు. ఒకే పాత్రలోంచి అందరూ తాగితే రోగాలు అంటుకుంటాయన్న భయంతో 1890ల్లో అమెరికా సంఘాల్లో మొదలైంది. పులియని రసమూ అలాంటిదే. 1869లో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు, మెథడిస్టు సంఘస్థుడు, ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా ఆపే పద్ధతి తన సంఘపు బల్ల కోసమే కనిపెట్టాడు. మన వంటగదిలో చేసేదీ అదే పని.

ఆ పని సరిగా జరగకపోతే ఎంత మంచి ట్రే అయినా దండగ. కప్పుకి 12 మిల్లీలీటర్లు పొయ్యండి. నిండా పోస్తే అందించేటప్పుడు తొణుకుతుంది. 160 కప్పులకి 1.92 లీటర్లు, జారేదీ వడకట్టులో పోయేదీ కలిపి రెండుంపావు లీటర్లు కావాలి. గింజలున్న నల్లద్రాక్ష కేజీకి సుమారు 600 మిల్లీలీటర్ల రసం దిగుతుంది, కాబట్టి నాలుగు కేజీలు తెచ్చుకోవాలి. పూర్ణా మార్కెట్లోనో రైతు బజార్లోనో శుక్రవారమే కొని, తొడిమలు తీసి, రెండు మూడు నీళ్లు కడగండి. మిక్సీలో వెయ్యకండి, గింజ నలిగితే రసం వగరు చేదుగా మారుతుంది. స్టీలు గిన్నెలో చేత్తో నలిపి, సన్నని సెగ మీద ఆవిరి బాగా వచ్చేదాకా, తెర్లకుండా, పది నిమిషాలు ఉంచాలి. తర్వాత పల్చటి నూలు గుడ్డలో వడకట్టాలి. పిండితే మడ్డి దిగుతుంది, దానంతట అది కారనివ్వాలి. చల్లారాక సీసాల్లో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే అడుగున ఇసకలాంటి పలుకులు పేరుకుంటాయి. అది ద్రాక్షలో సహజంగా ఉండే లవణం, పాడైందని పారబొయ్యకండి. పైనున్న తేట వంపుకుంటే చాలు. వేడి చెయ్యని రసాన్ని శుక్రవారం నుంచి బయట ఉంచితే, మన ఎండలకి తొక్క మీది ఈస్టు పని మొదలుపెడుతుంది. ఆదివారానికి సీసా మూత తీస్తే బుస్సుమంటుంది.

నింపడం ఆదివారం ఉదయమే, ఆరాధనకి గంట ముందు. శనివారం రాత్రే నింపేస్తే సన్న ఈగలు మూత కింద నుంచి కూడా దూరతాయి. సెట్టుతో వచ్చే రబ్బరు బుడ్డి నింపుడు గొట్టం మాకు పనికిరాలేదు. ఒక్కో నొక్కుకి ఒక్కో కొలత పడుతుంది, చివర కారుతుంది. మందుల దుకాణంలో సూది లేకుండా కొత్త 60 మిల్లీలీటర్ల సిరంజి కొనండి. ఒకసారి లాగితే ఐదు కప్పులు, ట్రేకి ఎనిమిదిసార్లు. మధ్య చిల్లుల నుంచి మొదలుపెట్టి బయటికి రావాలి, లేకపోతే చెయ్యి నిండిన కప్పుల మీదుగా వెళ్తుంది.

రొట్టె పళ్లేల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బాగున్నాయి. కొన్న బ్రెడ్డయితే అంచులు తీసి ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలు కోస్తే స్లైసుకి పాతిక వస్తాయి. ఏడెనిమిది స్లైసులు చాలు. పులియని రొట్టె చేసే సంఘాలు పెనం మీద వెయ్యకముందే కత్తితో గళ్లు గియ్యాలి, కాల్చాక గీస్తే పొడి రాలుతుంది. ఫ్యాను కింద తెరిచి ఉంచితే పావుగంటలో అట్టముక్కలవుతాయి.

కడగడం. ఆరాధన ముగిసిన వెంటనే, ప్రేమ విందు వడ్డన మొదలవ్వకముందే, కప్పులన్నీ మామూలు నీళ్ల టబ్బులో వేసెయ్యాలి. రసం కప్పు అడుగున ఆరిపోయి బిగుసుకుంటే ఒక్కోదానికీ ఒక్కో నిమిషం పడుతుంది, 160 నిమిషాలు ఎవరికున్నాయి? పాలసీసా నిపిలు తోమే సన్న బ్రష్షు ఈ కప్పులకి సరిగ్గా సరిపోతుంది. ట్రేలకి బ్లీచింగ్ నీళ్లు తగలనివ్వొద్దు, క్లోరిన్ స్టీలుకి గుంటలు పెడుతుంది. కప్పుల్ని తిరగేసి ట్రే చిల్లుల్లో ఆరబెట్టడం అలవాటుగా చేసే తప్పు. లోపల గాలి ఆడక తడి వాసన పడతాయి. పొడిగుడ్డ మీద పక్కకి వాలుగా పరచండి.

తెల్ల బల్లగుడ్డ మీద రసం పడితే వెంటనే సబ్బు పెట్టకండి. ద్రాక్ష రంగు సబ్బు క్షారానికి నీలంగా మారుతుంది, మరక ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చన్నీళ్లలో జాడించి, నిమ్మరసం రాసి, ఎర్రదనం వదిలాకే సబ్బు.

మిగిలిన రసం విషయంలో బాప్టిస్టులకి పెద్ద చిక్కులేదు. బల్ల మనకి జ్ఞాపకార్థమే కాబట్టి మిగిలినదాన్ని ప్రత్యేకంగా భద్రపరచాలన్న నియమం లేదు. కప్పుల్లో పోసింది మాత్రం తిరిగి సీసాలో కలపకూడదు. ఈ ట్రేల్ని యౌవనస్థుల కూడికల్లో నిమ్మరసం పంచడానికి అడుగుతారు, ఇవ్వకండి. కప్పులు తగ్గి వస్తాయి.

మంచం పట్టినవాళ్ల కోసం వారం మధ్యలో పాస్టరు గారు తీసుకెళ్లే చిన్న పెట్టె ఈ సెట్టులో రాదు, విడిగా కొనాలి. నాలుగు కప్పులు, చిన్న సీసా, రొట్టె డబ్బా ఉన్నది చాలు. కొనేటప్పుడు సీసాలో నీళ్లు పోసి తలకిందులుగా ఐదు నిమిషాలు పెట్టి చూడండి, స్కూటరు డిక్కీలో కారేది అక్కడే కారుతుంది. కేజీహెచ్‌లాంటి ఆసుపత్రికి వెళ్తే, నోటితో ఏమైనా ఇవ్వొచ్చా అని ముందు నర్సుని అడిగి అప్పుడు పెట్టె తెరవాలి. ఆపరేషనుకి ముందున్నవాళ్లకి ఒక్క గుక్క కూడా పనికిరాదు.