ఫర్బిడెన్ ఐలాండ్: ఓడినా గెలిచినా అందరూ కలిసే
ఒకరి మీద ఒకరు గెలిచే గేమ్స్‌తో ఇంట్లో అలకలు వస్తుంటే ఈ బోర్డ్ గేమ్ ట్రై చేయండి, 2010లో వచ్చింది, మాట్ లీకాక్ డిజైన్, ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడొచ్చు. 24 పలకలతో ద్వీపం పేర్చుకుని అది మునిగేలోపు 4 నిధులు పట్టుకుని హెలికాప్టర్ ఎక్కేయాలి, ఒక్కరు మునిగిపోయినా అందరూ ఓడినట్టే. అసలు మజా వాటర్స్ రైజ్ కార్డుతోనే, అప్పటిదాకా తీసేసిన వరద కార్డులన్నీ (ఏ పలక తడవాలో చెప్పేవి) కలిపి మళ్ళీ కట్ట పైనే పెట్టాలి, అంటే ఇందాక తడిసిన పలకే మళ్ళీ వచ్చి మొత్తానికి పోతుంది, ఆ కార్డు తిప్పేటప్పుడు అందరూ ఊపిరి బిగబట్టేస్తారు! పిల్లలకి ఇంజినీర్ పాత్ర వచ్చిందా, ఒకే యాక్షన్‌లో రెండు పలకలు కాపాడుతుంటే వాళ్ళ మొహాలు చూడాలి. ఒక్కటే, బాగా ఆడేవాళ్ళు అందరి ఎత్తులూ తామే చెప్పేస్తే మిగతావాళ్ళకి బోర్ కొట్టేస్తుంది, సలహా ఇచ్చి ఊరుకోండి. పిల్లలున్న ఇంటికి నేనైతే ముందు ఇదే కొనమంటా.