జోన్స్ వ్యాధి: మెడ మీద సూది మేలా, రక్త పరీక్ష మేలా?

"సార్, సంతలో ఆవును కొన్నాం. ఏ పరీక్ష చేయిస్తే మంచిది?" ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు పాడి రైతులు ఈ మధ్య తరచూ ఇదే అడుగుతున్నారు. జోన్స్ వ్యాధి సంగతి వాళ్లకు తెలుసు: జ్వరం ఉండదు, మేత తింటుంది, అయినా నీళ్లలా పారుకుంటూ ఎండిపోతుంది. కాబట్టి నేరుగా పరీక్షల దగ్గరికి వస్తా.

నన్నడిగితే అంతా ఆవు వయసులోనే ఉంది. ఈ రోగం తెచ్చే సూక్ష్మజీవి ఎక్కువగా దూడ ప్రాయంలోనే పేడ, పాల ద్వారా పేగులోకి చేరుతుంది. తనను మింగి చంపాల్సిన కణాల్లోనే కాపురం పెడుతుంది. మొదట్లో టీ కణాలు (రక్షణ దళంలోని తెల్ల రక్తకణాలు) ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత పదార్థాన్ని వదిలి, క్రిమి దాగిన ఆ కణాలను ఉసిగొల్పుతాయి. అలా రెండు నుంచి ఐదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం రోగం పైకి కనపడదు. ఆ పట్టు సడలాక రక్తంలో యాంటీబాడీలు (క్రిమిని పట్టుకునే ప్రొటీన్లు) పెరుగుతాయి. పెరిగినా పెద్ద లాభం లేదు. దొంగ ఇంట్లో ఉంటే కాపలా వీధిలో తిరిగినట్టు!

మెడ మీద వేసే జోనిన్ (ఈ క్రిమి నుంచి తీసిన ప్రొటీన్) సూది మొదటి దశను పడుతుంది. వెంట్రుకలు గీసి, చర్మం మందం కొలిచి, చర్మం పొరలోకి 0.1 మి.లీ. ఎక్కించి, 72 గంటలకు మళ్లీ కొలుస్తాం; మందం పెరిగితే స్పందన ఉన్నట్టు. ఎలీసా రక్త పరీక్ష యాంటీబాడీలను వెతుకుతుంది, అంటే రెండో దశ.

పోయిన ఎండాకాలం నేనే ఇక్కడ పొరపాటు పడ్డా. నాలుగో ఈత జెర్సీ సంకరం ఆవు. తోక, తొడలు పేడతో అట్టకట్టి ఉన్నాయి, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. చేతిలో జోనిన్ ఉంది కదా అని వేసేశా. మూడో రోజు వెర్నియర్ పెడితే ఒక్క మిల్లీమీటరు తేడా కూడా లేదు.

"అయితే రోగం లేనట్టే కదా సార్!" ఆవు యజమాని పెద్దాయన మొహం వెలిగిపోయింది.

రోగం ముదిరితే చర్మం స్పందించడం మానేస్తుందని అప్పుడు చెప్పాల్సి వచ్చింది. రక్తం పంపితే ఎలీసా గట్టి పాజిటివ్. పేడను గాజు పలక మీద పూసి రంగు వేసి చూస్తే ఎర్రటి కడ్డీల్లా ఆ క్రిములు గుంపులు గుంపులు.

అందుకే రెండో ఈత దాటిన ఆవుకు ఎలీసా, పెయ్యలకు జోనిన్ అంటాను. జోనిన్‌కు క్షయ ఉన్న పశువు కూడా స్పందించవచ్చు, ఒక్క వాపు చూసి అమ్మేయకండి. ఒక్కదానికే డబ్బులుంటే మాత్రం నా ఓటు ఎలీసాకే. పేడలో క్రిములు ఎక్కువగా వదులుతూ కొట్టాన్ని పాడుచేసే ఆవును అది బాగా పట్టిస్తుంది. నెగెటివ్ వచ్చినా ఆరు నెలలకు మళ్లీ చేయించాలి.

రక్తంలోని టీ కణాలు ఆ పదార్థం వదులుతాయా అని చూసే ఇంటర్‌ఫెరాన్ గామా పరీక్ష మంచిదే, కానీ కణాలు బతికుండగానే రక్తం ల్యాబుకు చేరాలి. మన ఊళ్ల నుంచి అది కష్టం. పేడ కల్చర్‌కు, అంటే క్రిమిని ల్యాబులో పెంచి చూడటానికి, నెలలు పడుతుంది. క్రిమి డీఎన్ఏను వెతికే పీసీఆర్ త్వరగా తేలుతుంది గానీ, ఆ రోజు పేడలో క్రిమి పడకపోతే దొరకదు.

పెద్దాయన ఆవు పోయింది. దాని పెయ్యకు ఇప్పుడు పది నెలలు, ముర్రుపాలు తల్లి దగ్గరే తాగింది. దానికి ఎలీసా వద్దని చెప్పా; ఈ వయసులో నెగెటివ్ వచ్చినా నమ్మలేం. వచ్చే నెల మెడ మీద సూది వేస్తా. అందాకా వేరే గాటన కట్టేయమన్నా.