జాగ్రత్త: ఊరికి దూరంగా జరిగే డ్యాన్స్ మ్యూజిక్ ఫెస్టివల్‌కి డే టికెట్ కొంటున్నారా?

పొలాల మధ్య మూడు రోజులు జరిగే డ్యాన్స్ మ్యూజిక్ ఫెస్టివల్ ఎలా ఉందని ఇద్దరిని అడగండి. ఒకరు జన్మలో మరిచిపోలేనంత బాగుందంటారు. ఇంకొకరు ఊరికే ఇచ్చినా మళ్లీ ఆ ఛాయలకు పోనంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మొదటివాళ్లు లోపలే టెంటు వేసుకుని పడుకున్నవాళ్లు. రెండోవాళ్లు డే టికెట్ కొని, అర్ధరాత్రి దాటాక సిటీకి తిరిగి రాబోయినవాళ్లు. రివ్యూలు చదివేటప్పుడు ఎన్ని స్టార్లు ఇచ్చారని కాకుండా, రాసినవాళ్లు ఏ టికెట్ మీద వెళ్లారు, రాత్రి ఎక్కడ పడుకున్నారు అన్నది ముందు వెతకండి. అది తెలియని రివ్యూ మీకు పనికిరాదు.

ఈ తేడా ఎంత దూరం పోగలదో 2015లో అమెరికాలో జరిగిన టుమారోవరల్డ్ చూపించింది. బెల్జియంలోని బూమ్ అనే ఊళ్లో జరిగే టుమారోలాండ్ డ్యాన్స్ మ్యూజిక్ ఫెస్టివల్‌కి అమెరికా రూపం అది. 2013 సెప్టెంబరులో జార్జియా రాష్ట్రంలోని ఛటహూచీ హిల్స్‌లో మొదలైంది. ఈ చోటు అట్లాంటా డౌన్‌టౌన్‌కి నైరుతిగా సుమారు 30 మైళ్లు. పేరుకు సిటీయే గానీ 2010 జనాభా లెక్కల్లో అక్కడ రెండున్నర వేల మంది కూడా లేరు. పచ్చిక బయళ్లు, గుర్రాల శాలలు, అడవి, రెండు లేన్ల రోడ్లు, అంతే. ఆ పల్లెతనం పోకుండా కాపాడుకోవాలనే 2007లో అక్కడివాళ్లు విడిగా సిటీగా ఏర్పడ్డారు. అలాంటి చోట సెప్టెంబరు చివరి వారాంతంలో పదుల వేల మంది దిగేవాళ్లు.

2015 సెప్టెంబరు 25 నుంచి 27 వరకు మూడో ఏడాది పండుగ జరిగింది. వాన వదల్లేదు. శనివారం రాత్రికి లోపలి దారులు బురదై, షటిల్ బస్సులు సరిగా తిరగలేదు. సిటీకి వెళ్లాల్సినవాళ్లు చీకట్లో, వానలో మైళ్ల కొద్దీ నడిచారు. చాలామంది రోడ్డు పక్కనే తెల్లవారేదాకా పడి ఉన్నారు. ఆదివారం లోపల డ్రీమ్‌విల్ క్యాంపులో ఉన్నవాళ్లకు మాత్రమే ప్రవేశమని, బయటినుంచి వచ్చేవాళ్లకు లేదని నిర్వాహకులు ప్రకటించారు. క్యాంపులో ఉన్నవాళ్లు బురదలోనే ఆడి పాడి, అది తమ జీవితంలో గొప్ప వారాంతం అన్నారు. బయట చిక్కుకున్నవాళ్లు ఆ మాట వింటేనే మండిపడ్డారు. నష్టపోయినవాళ్లకు డబ్బు వెనక్కి ఇస్తామని నిర్వాహకులు చెప్పారు. 2016 ఫిబ్రవరిలో మాతృసంస్థ ఎస్ఎఫ్ఎక్స్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. ఆ ఏడాది పండుగ జరగలేదు.

వానను ఎవరూ ఆపలేరు. కానీ చిక్కు వాన ఒక్కదానితో రాలేదు. అక్కడి నేల ఎర్ర బంకమట్టి. పైన నీళ్లు పడితే త్వరగా ఇంకవు. వేల కాళ్లు, చక్రాలు తొక్కేసరికి పైపొర ముద్దగా మారుతుంది. గడ్డి వేళ్లు తెగిపోయాక పట్టు ఉండదు. పార్కింగ్‌కి ఇచ్చిన పచ్చిక బయలు ఎండలో మైదానమే, నాలుగు గంటల వానలో దమ్ము చేసిన మడి. కార్లు రావద్దని చెప్పగానే కార్లలో రావాల్సినవాళ్లంతా బస్సు లైన్‌లోకి వస్తారు. బస్సులు తిరిగే దారి కూడా అదే మట్టి మీద ఉంటే మొత్తం ఆగిపోతుంది.

ఈ లెక్క ఒకసారి మీరే వేసి చూడండి. రాత్రికి 30,000 మంది బయటికి రావాలనుకుందాం. బస్సుకు 50 సీట్లు. అంటే 600 ట్రిప్పులు. ఎక్కించి, సిటీలో దించి, తిరిగి రావడానికి 2 గంటలు. 100 బస్సులు ఉన్నా ఒక్కోటి 6 సార్లు తిరగాలి, చివరి బస్సు తిరిగొచ్చేసరికి 12 గంటలు పడుతుంది. పాట రాత్రి ఒంటిగంటకు ఆగితే చివరి మనిషి మర్నాడు మధ్యాహ్నానికి గానీ సిటీ చేరడు. ఇది వాన లేని రోజు లెక్క. అందుకే నిర్వాహకుల పేజీలో 'షటిల్ సౌకర్యం ఉంది' అన్న మాట ఒక్కటే చూసి టికెట్ కొనకండి. ఎన్ని బస్సులు, ఎక్కడ ఎక్కాలి, ఆ చోటు తారు రోడ్డు మీదా మట్టి మీదా, షటిల్ పాస్‌కి సీటు ఖాయమా లేక లైన్‌లో ముందొచ్చినవాళ్లకేనా అని మెయిల్ పెట్టి అడగండి. జవాబు రాతలో ఉండాలి. సూటిగా జవాబు రాకపోతే డే టికెట్ మానుకోండి.

ఉబర్, లిఫ్ట్ లాంటి క్యాబ్ యాప్‌ల మీద ఆశ పెట్టుకోవద్దు. ఒకే టవర్ కింద వేలమంది ఒకేసారి ఫోన్ తీస్తే యాప్ తెరుచుకోదు. తెరుచుకున్నా పోలీసులు కట్టిన అడ్డుగోడ దాటి కారు లోపలికి రాదు. డ్రైవర్ చూపించే చోటు మూడు నాలుగు మైళ్ల అవతల ఉంటుంది. రేటు మామూలు రోజు రేటు కాదు.

టికెట్ కొనకముందు ఇంకో పని చేయండి. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఆ ఊరివాళ్లు ఏమంటున్నారో చదవండి. ఫెస్టివల్ అంటే కొందరికి చిన్న ఊరి ఖజానాకు వచ్చే రాబడి, దుకాణాలకు బేరం. ఇంకొందరికి మూడు రాత్రులు కిటికీలు అదిరే బేస్ మోత, ఇంటి గేటు దాటనివ్వని ట్రాఫిక్. ఆ గొడవ మనకు ఎందుకులే అనుకోకండి. ఫలానా రోడ్డు మీద రెండు గంటలు ఇరుక్కున్నామని ఒక రైతు చేసిన ఫిర్యాదులో మీ తిరుగు దారి కథంతా ఉంటుంది. అమెరికాలో సిటీ కౌన్సిల్ సమావేశాల మినిట్స్ (అక్కడ ఏం మాట్లాడారో రాసిన రికార్డు), అనుమతి షరతులు సాధారణంగా ఎవరైనా చూడొచ్చు. ఎన్ని గంటలకు సౌండ్ ఆపాలి, రోజుకు ఎంతమందికి అనుమతి, ట్రాఫిక్ ప్లాన్ ఏమిటన్నది అందులో దొరుకుతుంది.

ఇది అమెరికాకే పరిమితం కాదు. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ నుంచి మన పిల్లలు గుంపులుగా వెళ్లిన గోవా సన్‌బర్న్ డ్యాన్స్ మ్యూజిక్ ఫెస్టివల్ సంగతి చూడండి. 2024లో దాన్ని మొదట దక్షిణ గోవా అన్నారు. అక్కడ వ్యతిరేకత వచ్చింది. తర్వాత ఉత్తరాన పెర్నెం తాలూకాలోని ధార్గళ్ గ్రామానికి మారింది. అక్కడా ఊరు రెండుగా చీలింది, పంచాయతీలోనూ ఏకాభిప్రాయం లేదు, వ్యవహారం బాంబే హైకోర్టు గోవా బెంచ్ దాకా వెళ్లింది. చివరికి డిసెంబరు 28 నుంచి 30 వరకు ధార్గళ్‌లోనే జరిగింది. మడ్గావ్ వైపు హోటల్ తీసుకున్నవాళ్లకు ధార్గళ్ సుమారు 60 కిలోమీటర్లు. సంవత్సరాంతపు రద్దీలో అది ఎంతసేపో చెప్పక్కర్లేదు. 2025లో పండుగ గోవా వదిలి ముంబైకి వెళ్లింది. కాబట్టి స్థలం ఖరారై, అనుమతులు చేతికొచ్చేదాకా డబ్బు వెనక్కి రాని హోటల్, విమానం టికెట్లు బుక్ చేయొద్దు. రద్దు చేసుకునే వీలున్న గదికి రాత్రికి ఐదారు వందలు ఎక్కువైనా అదే తీసుకోండి.

ఇండియాలో ఇంకో సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు బంద్. ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. సౌండ్ కూడా స్థలం హద్దు దగ్గర ఆ ప్రాంతానికి నిర్ణయించిన శబ్ద ప్రమాణం మీద 10 డెసిబెల్స్ గానీ, మొత్తం 75 డెసిబెల్స్ గానీ, ఏది తక్కువైతే అది దాటకూడదు. 'తెల్లవారేదాకా' అని పోస్టర్ వేస్తే ఆరుబయట అది కుదిరే మాట కాదు. పేరున్న డీజే రాత్రి 9 తర్వాత ఉంటే సగం సెట్‌తో ఆగిపోవచ్చు. ఆ ఒక్కరి కోసమే డబ్బు పెట్టేవాళ్లు టైం టేబుల్ వచ్చాక కొనండి.

అమెరికాలో చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వయసు షరతు ముందు చూడాలి. టుమారోవరల్డ్‌కి 21 నిండాలి. ఇలాంటి చోట ఇండియా డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్ జిరాక్స్ నమ్ముకుంటే గేటు దగ్గరే ఆగిపోవచ్చు. అసలు పాస్‌పోర్ట్ బురదలో మోసుకెళ్లడం మరీ ప్రమాదం. రాష్ట్రం ఇచ్చే ఐడీ కార్డు తీసుకున్నాకే టికెట్ కొనండి. టికెట్‌గా చేతికి కట్టే రిస్ట్‌బ్యాండ్లు వాట్సాప్ గ్రూపుల్లో అమ్మకానికి వస్తుంటాయి. ఒకసారి బిగించి, తర్వాత కత్తిరించి తీసిన బ్యాండ్ చెల్లదు. వేరేవాళ్ల పేరున రిజిస్టర్ అయిన బ్యాండ్ పోతే మీకు మరోటి ఇవ్వరు. అధికారిక రీసేల్‌లో తప్ప కొనకండి. వాయిదాల్లో కట్టే పథకాల్లో ఒక వాయిదా తప్పితే ఆర్డరే రద్దయ్యే షరతు ఉంటుంది. కట్టిన డబ్బు గతి ఏమిటో ముందే చదవండి. టికెట్ ఇన్సూరెన్స్ చాలావరకు మీ జబ్బుకు, ప్రమాదానికి వర్తిస్తుంది. కార్యక్రమం రద్దయితే, బురదలో ఇరుక్కుంటే వర్తించదు.

ఇన్ని చూశాక కూడా వెళ్లాలనిపిస్తే క్యాంపింగ్ టికెట్‌తో వెళ్లండి. ధర ఎక్కువగా కనిపిస్తుంది గానీ హోటల్, షటిల్, ఉబర్ కలిపి చూస్తే తేడా పెద్దగా మిగలదు. కారు పక్కనే టెంటు వేసుకునే చోటు దొరికితే ఇంకా మేలు, వాన ముంచెత్తితే కారులో పడుకోవచ్చు. పల్లం వదిలి మిట్ట మీద చోటు పట్టండి. టెంటు కింద పరిచే టార్పాలిన్ అంచులు టెంటు కన్నా రెండు అంగుళాలు లోపలికి మడవండి. బయటికి వదిలితే పైనుంచి జారిన నీళ్లన్నీ దాని మీద చేరి మీ వీపు కిందికే వస్తాయి. చాలా టెంట్లు తడిసేది పైకప్పు కారి కాదు, ఈ పొరపాటు వల్లే. గొడుగు చాలాచోట్ల లోపలికి రానివ్వరు, రెయిన్‌కోటు తీసుకెళ్లండి. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, ప్లాస్టిక్ సంచిలో కట్టిన రెండు జతల పొడి సాక్సులు, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, చిన్న నోట్లలో 100 డాలర్లు ఉండాలి. ఆ ప్రాంతం మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. తడిసిన బట్టలతో రాత్రంతా గాలిలో ఉంటే సెప్టెంబరు జార్జియాలోనూ వణుకు పుడుతుంది. ఒక పొడి స్వెటర్ ప్రాణం నిలబెడుతుంది.

కారు బురదలో దిగబడితే యాక్సిలరేటర్ తొక్కి చక్రం తిప్పకండి, ఇంకా దిగుతుంది. ఇంజన్ తిప్పే చక్రాల ముందు కాలి కింది మ్యాట్లు వేసి, టైర్లలో గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించి, మెల్లగా కదిలించండి. తారు రోడ్డు ఎక్కాక గాలి పట్టించేదాకా వేగం వద్దు. అద్దె కారైతే మట్టి నేల మీద ఇరుక్కున్న ఖర్చు చాలా కాంట్రాక్టుల్లో మీ నెత్తినే పడుతుంది.

నష్టపోతే డబ్బు రాబట్టుకునే పని కొన్న రోజే మొదలవ్వాలి. షటిల్, పార్కింగ్, ప్రవేశం గురించి పేజీలో ఏం రాశారో ఆ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత ఆ పేజీ మారిపోవచ్చు. 2025 మే 12 నుంచి అమెరికాలో టికెట్ ధర చూపించేటప్పుడే తప్పనిసరి ఫీజులన్నీ కలిపి చూపించాలి. చివర్లో కొత్త ఫీజు తేలితే దాని స్క్రీన్‌షాట్ కూడా దాచుకోండి. అక్కడ డెబిట్ కార్డుతో కొనకండి, క్రెడిట్ కార్డే వాడండి. చెప్పిన సేవ అందలేదని, బిల్లు పంపిన నాటి నుంచి 60 రోజుల్లోగా బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపాలి. ఫెస్టివల్‌కి ఆరు నెలల ముందు కొంటే ఆ గడువు దాటిపోయి ఉండొచ్చు, అయినా బ్యాంకును అడగండి, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్ నియమాల్లో మరికొంత వెసులుబాటు ఉంటుంది. నిర్వాహకులు పాక్షిక రీఫండ్ ఫారం పంపితే, దాన్ని ఒప్పుకుంటే మిగతా హక్కు పోతుందేమో చదివాకే నొక్కండి.

ఇండియాలో కొన్నవాళ్లు ముందు 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, గోవా వెళ్లక్కర్లేదు. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.