రాయగడలో కొన్న రాగి పొర నీళ్ల ట్యాంకు: గోడకు మేలే, నీటికి మాత్రం కాదు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు కొత్తగా కట్టే ఇళ్ల డాబాల మీద ఈ మధ్య లోపలి గోడ రాగి రంగులో ఉన్న ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులు ఎక్కువగా కనిపిస్తున్నాయి. పాలిథిలిన్ పొడిలో కొద్దిపాటి రాగి సమ్మేళనాన్ని కలిపి, దానిని లోపలి పొరగా పోసి తయారుచేసే ఈ ట్యాంకుల ధర మామూలు మూడు పొరల ట్యాంకు ధర కంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువ. మా ఇంటికి వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి తీసుకున్నాము. ఎండాకాలమూ వానాకాలమూ గడిచాయి కాబట్టి దాని మంచిచెడ్డలు ఇప్పుడు నమ్మకంగా రాయగలను. ఇలాంటి ట్యాంకులు చాలా కంపెనీలు అమ్ముతున్నాయి, నేను చెప్పబోయేది వాటన్నిటికీ వర్తిస్తుంది, అందుకే కంపెనీ పేరు రాయడం లేదు.

ముందు కొట్టు గురించి చెప్పాలి. పట్టణంలో పైపులు, ట్యాంకులు అమ్మే ఆ కొట్టు యజమాని తెలుగువారు. ఒడియాలో అడిగిన వారికి ఒడియాలోనూ, మనలాంటి వారికి తెలుగులోనూ ఓపికగా సమాధానం చెబుతారు. కంపెనీ కరపత్రంలో "99.9 శాతం బ్యాక్టీరియా నాశనం" అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంది. దాన్ని చూపించి అడిగితే ఆయన తడుముకోకుండా, "మాస్టారూ, ఇది నీళ్లు శుద్ధి చేసే యంత్రం కాదండీ, గోడకు పాకుడు పట్టకుండా కొంత ఆపుతుంది, తాగే నీళ్లకు మీ ఫిల్టరు మీకు ఉండాల్సిందే" అన్నారు. ఎక్కువ ధర వస్తువును అమ్ముకునే మనిషి ఇంత సూటిగా చెప్పడం నాకు ఎంతో గౌరవం కలిగించింది. ఆయన చెప్పినది శాస్త్రరీత్యా కూడా సరైన మాట.

కరపత్రంలోని ఆ 99.9 శాతం అబద్ధం కాకపోవచ్చు, కానీ అది ఏ పరీక్షలో వచ్చిన అంకె అన్నదే అసలు ప్రశ్న. ప్లాస్టిక్ ఉపరితలాల మీద క్రిములు ఎంత తగ్గుతాయో కొలవడానికి ప్రపంచమంతటా వాడే పద్ధతి ఐఎస్‌ఓ 22196. ఇందులో 5 సెంటీమీటర్ల చదరపు ముక్క మీద క్రిములున్న ద్రవం 0.4 మిల్లీలీటర్లు వేసి, దానిపై 4 సెంటీమీటర్ల చదరపు పల్చటి ఫిల్మ్ కప్పి, 35 డిగ్రీల వేడిలో 24 గంటలు ఉంచుతారు. లెక్క వేస్తే ఆ ద్రవం మందం పావు మిల్లీమీటరు మాత్రమే, అంటే ప్రతి బొట్టూ ఆ ఒక రోజంతా గోడను ఆనుకునే ఉంటుంది. వెయ్యి లీటర్ల ట్యాంకులో నీటికి తగిలే గోడ, అడుగు కలిపి సుమారు అయిదు చదరపు మీటర్లు ఉంటుంది. అంత గోడ మీద వెయ్యి లీటర్లను సమానంగా పరిస్తే మందం ఇరవై సెంటీమీటర్లు అవుతుంది, అంటే పరీక్షలో కంటే దాదాపు ఎనిమిది వందల రెట్లు. పైగా ఆ నీరు మన ఇళ్లలో పూటపూటకూ మారిపోతూ ఉంటుంది. పరీక్షలో నెగ్గిన గోడే అయినా, ట్యాంకు మధ్యనున్న నీటిని అది అందుకోలేదు.

చాలామంది ఈ ట్యాంకును కొనేది రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసి పొద్దున్నే తాగే అలవాటును తలుచుకుని. ఆ అలవాటుకు మంచి ఆధారమే ఉంది. రాగి పాత్రలో 16 గంటలు నిల్వ ఉంచిన నీటిలో అతిసారం కలిగించే బ్యాక్టీరియా నశించినట్లు బెంగళూరు పరిశోధకులు 2012లో ప్రచురించారు. ఆ నీటిలోకి చేరిన రాగి లీటరుకు సుమారు 177 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన 2 మిల్లీగ్రాముల హద్దుకు ఇది ఎంతో తక్కువ. కానీ చెంబు మొత్తం రాగే. లీటరు పట్టే చెంబులో పై లెక్క ప్రకారం నీటి మందం రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ట్యాంకు గోడలో కలిపే రాగి కొద్దిపాటిదే, అందులోనూ ఎక్కువ భాగం ప్లాస్టిక్ లోపల కూరుకుపోయి ఉంటుంది. పాలిథిలిన్‌కు నీరంటే గిట్టదు కనుక లోతులో ఉన్న రేణువును నీరు తాకడమే కష్టం. పైపైన ఉన్న రేణువుల నుంచి మాత్రమే రాగి అయాన్లు మెల్లగా బయటికి వచ్చి, గోడకు అంటుకోబోయే క్రిమి పొరను దెబ్బతీస్తాయి. చెంబుకూ ట్యాంకుకూ పోలిక అక్కడితో ఆగిపోతుంది.

ప్లంబరు అడుగున పైపు కోసం రంధ్రం చేసినప్పుడు తెగిపడిన గుండ్రటి ముక్కను నేను దాచి ఉంచాను. దాని అంచును చూస్తే బయట నల్లటి పొర, దాని లోపల మరొక పొర, మధ్యలో నురుగులా చిన్న చిన్న గుల్లలున్న మందపాటి పొర, చివరన ఒక మిల్లీమీటరు మాత్రమే ఉన్న ఎర్రటి పొర వరుసగా కనిపిస్తాయి. తిరిగే అచ్చులో పొడి వేసి, కొలిమిలో కరిగించి, ఒక పొర మీద మరొక పొర పోయడం వల్ల ఏర్పడిన వరుస ఇది. ఆ ఎర్రదనం రాగికి రుజువు కాదు, విడిగా కలిపే పిగ్మెంటుతో కూడా అదే రంగు వస్తుంది. రాగి ఎంత కలిపారో కరపత్రంలో గానీ, ట్యాంకు మీద గానీ ఎక్కడా రాయలేదు. కొనేవారికి ఆ అంకె చెప్పవలసిన బాధ్యత కంపెనీకి ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక వాడకంలో తేలినది. మా డాబా మీదే అదే బోరు నీటితో నిండే పాత మామూలు ట్యాంకు ఒకటి అద్దెవారి వాటాకు ఉంది కాబట్టి రెండింటినీ పక్కపక్కన చూసే వీలు కలిగింది. వానాకాలం అయ్యాక రెండింటినీ ఒకేసారి ఖాళీ చేయించాము. పాత ట్యాంకు గోడపై చేత్తో రాస్తే జారే పాకుడు నిలువునా పట్టి ఉండగా, కొత్తదాని పైభాగం గోడ గరుకుగా, దాదాపు శుభ్రంగా ఉంది. ఇది స్పష్టమైన లాభం, శుభ్రం చేసే పని సగానికి తగ్గింది. అయితే మా బోరు నీటిలో ఇనుము ఎక్కువ. అడుగున పేరుకున్న ఎర్ర బురద మీద పాకుడు రెండు ట్యాంకుల్లోనూ ఒకేలా ఉంది. రాగి పొర మీద బురద కప్పేశాక అది ఉన్నా లేనట్లే. కఠినత్వం ఎక్కువున్న నీళ్లయితే గోడకు సున్నపు పెచ్చు కట్టి, అదే అడ్డు ఏర్పడుతుంది. ఆ రోజుల్లోనే రెండు ట్యాంకుల నీటినీ హెచ్‌టూఎస్ పరీక్ష సీసాల్లో పోసి ఉంచితే రెండూ నల్లబడ్డాయి, అంటే మలసంబంధమైన క్రిముల ఆనవాలు రెండింటిలోనూ ఉన్నట్టే. బ్లీచింగ్ పౌడర్ వేసి, తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలేలా చూసుకున్నాకే మళ్లీ వాడకానికి తెరిచాము.

కొనేవారు తప్పకుండా అడగవలసినది మరొకటి ఉంది, దానిని అమ్మేవారు ఎవరూ తమంతట తాముగా చెప్పరు. రాగి పాలిథిలిన్‌కు మిత్రుడు కాదు. రాగి అయాన్లు ఆ ప్లాస్టిక్ ఆక్సీకరణాన్ని వేగవంతం చేస్తాయి, దాని అణువుల గొలుసులు తెగి అది పెళుసుబారుతుంది. టెలిఫోన్ కేబుళ్లలో రాగి తీగల మీది పాలిథిలిన్ తొడుగు ఎండ ప్రాంతాల్లో పగిలిపోవడం ఈ కారణం వల్లనే జరిగింది, అప్పటి నుంచి ఆ తొడుగుల్లో మెటల్ డీయాక్టివేటర్ అనే రసాయనాన్ని కలుపుతున్నారు. రాగిని బిగించి పట్టి దాని చర్యను అణచివేయడం ఆ రసాయనం పని. మా ఎండలకు డాబా మీద నిలబడే ట్యాంకులో రాగిని ఉద్దేశపూర్వకంగా కలిపినప్పుడు ప్లాస్టిక్‌ను కాపాడే ఏర్పాటు ఏమిటో తెలియాలి. కొట్టు యజమాని నా కోసం కంపెనీకి ఫోన్ చేసి అడిగారు. స్టెబిలైజర్ కలుపుతున్నామని నోటిమాటగా చెప్పారు గానీ కాగితం పంపలేదు. ఇంతవరకు నా ట్యాంకు గోడలో పగులు గానీ, పెళుసుదనం గానీ లేదు.

ప్లాస్టిక్‌లో లోహం కలపడమే తప్పని నేను అనడం లేదు. పీవీసీ పైపు తయారీ వేడిని తట్టుకోవడానికి సాధారణంగా అందులో లోహ సమ్మేళనాలు కలుపుతారు. ఒకప్పుడు అందుకు సీసం వాడేవారు, 2021లో కేంద్ర ప్రభుత్వం నీటి పైపుల్లో సీసం స్టెబిలైజర్లను నియంత్రిస్తూ నియమాలు తెచ్చింది, ఇప్పుడు కాల్షియం–జింక్ వాడిన పైపులు సులువుగా దొరుకుతున్నాయి. ఇదే కొట్టులో సీసం లేని పైపు అని అడిగితే చూపించి, పీవీసీ నీటి పైపులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 4985 ముద్రను కూడా వేలుపెట్టి చూపిస్తారు.

మూత మర బిగుతుగా ఉంది, వెలుగు లోపలికి రాదు. నిజానికి పచ్చ నాచు పట్టకుండా కాపాడేది రాగి కంటే ఎక్కువగా ఈ మూతా, బయటి నల్ల పొరా. ట్యాంకును మోసుకొచ్చి మేడ మీదికి ఎక్కించడానికి విడిగా డబ్బు తీసుకోలేదు. నలుగురైదుగురు అద్దెవారు ఉండి ట్యాంకు కడగడానికి తరచూ మనిషి దొరకని ఇళ్లకు అదనపు ధర గిట్టుబాటు అవుతుంది. ఒక్క కుటుంబం ఉండే ఇంటికి ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకుల ప్రమాణమైన ఐఎస్ 12701 ముద్ర ఉన్న మామూలు ట్యాంకు చాలు, మిగిలిన డబ్బు వంటింటి ఫిల్టరుకు పెట్టుకోవచ్చు. ఏది కొన్నా బిల్లు మీద వారంటీ ఏళ్లను రాయించుకోండి, లోపలి పొరకు కూడా అది వర్తిస్తుందో లేదో కొట్టులోనే అడగండి.