కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ను వెంటనే ఆడించాలా, కూర్చోబెట్టి నేర్పాలా: ఏది మేలు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడిని నడిపిస్తూ బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే తంతు డ్రాఫ్ట్. 2005 డ్రాఫ్ట్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ మొట్టమొదటి ఎంపికగా అలెక్స్ స్మిత్‌ను తీసుకుంది. తననే తీసుకుంటారేమోనని ఆశపడిన ఆరన్ రాడ్జర్స్ చాలాసేపు ఎదురుచూశాక, 24వ ఎంపికగా గ్రీన్‌బే ప్యాకర్స్‌కు వెళ్లాడు. స్మిత్‌ను ఆ ఏడాదే మైదానంలోకి దించారు. తొమ్మిది మ్యాచ్‌లలో ఒక్క టచ్‌డౌన్ పాస్ (స్కోరు తెచ్చే పాస్) వేసి, 11 బంతులు ప్రత్యర్థుల చేతికి ఇచ్చాడు. రాడ్జర్స్ మాత్రం గ్రీన్‌బే ప్రధాన క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ వెనుక మూడేళ్లు కూర్చుని, 2008లో జట్టు పగ్గాలు అందుకున్నాడు. 2010 సీజన్‌లో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు, నాలుగుసార్లు ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు.

ఇది చూసి కూర్చోబెట్టడమే మేలని తీర్పు చెప్పేవారు చాలామంది ఉన్నారు. నాకు ఆ తీర్పు తొందరపాటుగా తోస్తుంది. స్మిత్‌కు మొదటి అయిదేళ్లలో అయిదుగురు ఆఫెన్సివ్ కోఆర్డినేటర్లు మారారు. దాడి ఎలా సాగాలో రూపొందించేది ఆ కోచ్‌లే. ఒకరు వెళ్లి మరొకరు వస్తే ఎత్తుగడల పేర్లు, అడుగుల లెక్క, ఎవరిని ముందు చూడాలన్న క్రమం అన్నీ మారిపోతాయి. ఆ అయిదుగురిలో మొదటివాడు మైక్ మెకార్తీ. అతడే 2006లో గ్రీన్‌బే ప్రధాన కోచ్‌గా వెళ్లి, రాడ్జర్స్ బంతి పట్టుకునే ఎత్తు నుంచి విసిరే తీరు దాకా ఓపికగా సరిదిద్దించాడు. ఆ తర్వాత పన్నెండేళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. అంటే ఒక కుర్రాడు పోగొట్టుకున్న గురువే మరొక కుర్రాడికి దక్కాడు. ఇద్దరి మధ్య తేడాలో బెంచీ వాటా ఎంత, గురువు వాటా ఎంత అని అడగకుండా ఈ పోలికను ముగించకూడదు.

అసలు ఇక్కడ నేర్చుకోవలసినది ఏమిటి? మ్యాచ్‌లో బంతిని ముందుకు తీసుకెళ్లే ఒక్కో ప్రయత్నాన్ని ఒక ‘ఆట’ అంటే, ఒక ఆటకూ మరో ఆటకూ మధ్య క్వార్టర్‌బ్యాక్‌కు దొరికేది 40 సెకన్లు. కోచ్ మాట హెల్మెట్‌లోని రేడియోలో వినిపిస్తుంది కానీ, గడియారంలో 15 సెకన్లు మిగలగానే అది ఆగిపోతుంది. ఆపైన అంతా అతడి పనే. ఎదుటి రక్షణ వరసను చదవాలి, అవసరమైతే ఆటను మార్చాలి, బంతి చేతికందాక రెండు మూడు సెకన్లలో విసరాలి. ఈ విద్య వీడియో చూస్తే సగమే వస్తుంది. మిగతా సగానికి మీదికి దూసుకువచ్చే మనుషులు ఉండాల్సిందే.

వెంటనే ఆడించాలనే వాదానికి బలం ఇక్కడే ఉంది. 1998లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ పేటన్ మానింగ్‌తో మొదటి ఏడాదే 16 మ్యాచ్‌లూ ఆడించింది. 28 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థులు అందుకున్న పాస్‌లు) వేశాడు, జట్టు మూడే గెలిచింది. మరుసటి ఏడాది అదే జట్టు 13 గెలిచింది. ఆ 28 తప్పులను కొందరు గురుదక్షిణలా చెబుతారు. వారు మరచిపోయేది ఒకటుంది. మానింగ్‌కు కోఆర్డినేటర్‌గా ఉన్న టామ్ మూర్ ఆ మొదటి ఏడాదే వచ్చి పదేళ్లకు పైగా ఉన్నాడు. తప్పు చేసిన చోటనే, అదే గురువు ముందు దాన్ని దిద్దుకునే వీలు మానింగ్‌కు కలిగింది.

2002లో హ్యూస్టన్ టెక్సన్స్ సంగతి చూడండి. కొత్తగా పుట్టిన జట్టు, ముందు కాపు కాయవలసిన లైన్ బలహీనం. తొలి ఎంపికగా వచ్చిన డేవిడ్ కార్‌ను మొదటి మ్యాచ్ నుంచే ఆడించారు. ఆ ఒక్క సీజన్‌లో 76 సార్లు కూలదోయించుకున్నాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అది నేటికీ రికార్డే. ఈత నేర్పుతామని నడి గోదావరిలోకి తోసేయడం అంటే ఇదే. అన్నిసార్లు పడ్డవాడు రక్షణను చదవడం మానేసి, తనమీదికి ఎవరు వస్తున్నారో చూడటం అలవాటు చేసుకుంటాడు. ఆ అలవాటు విడిపించడం చాలా కష్టం.

ఇక కూర్చోబెట్టడంలోని లోటు. సీజన్ నడుస్తుండగా సాధనలో ఎక్కువ ఆటలు ప్రధాన ఆటగాడికే పోతాయి. రెండో వాడు వచ్చే వారపు ప్రత్యర్థిలా నటిస్తూ, తమ డిఫెన్స్‌కు సాధన ఇస్తాడు. అంటే సొంత ఎత్తుగడలకంటే పరాయివే ఎక్కువ ఆడతాడు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2011 ఒప్పందం సాధన గంటలనూ తగ్గించింది. ఆ ఒప్పందంతోనే కొత్తవారి జీతాలకు పరిమితి వచ్చింది కాబట్టి, నాలుగేళ్ల చవక కాంట్రాక్టులో ఒక ఏడాదిని బెంచీకి ఇవ్వడానికి యజమానులకు మనసొప్పదు.

అయినా కాన్సస్ సిటీ 2017లో ఆ ధైర్యం చేసింది. పదో ఎంపికగా తీసుకున్న పాట్రిక్ మహోమ్స్‌ను కోచ్ ఆండీ రీడ్ ఆ సీజన్ చివరి మ్యాచ్‌లో మాత్రమే ఆడించాడు. మరుసటి ఏడాది మహోమ్స్ 50 టచ్‌డౌన్ పాస్‌లు వేసి ఎంవీపీ అయ్యాడు. 2017లో అతడి ముందు ఆడింది, అప్పటికి ఈ జట్టుకు మారిన అలెక్స్ స్మిత్. తన స్థానం తీసుకోబోయే కుర్రాడికి సమావేశాల్లో, సాధనలో తనకు తెలిసిందంతా చూపించాడు. తనకు దక్కనిదాన్ని ఇంకొకరికి ఇచ్చిన మనిషి అని స్మిత్ మీద నాకు ఎంతో గౌరవం.

నా మనసుకు మరింత నచ్చిన దారి ఫార్టీనైనర్స్ కోచ్ బిల్ వాల్ష్‌ది. 1979లో మూడో రౌండ్‌లో తీసుకున్న జో మోంటానాను ఆయన ఒక్కసారిగా దించలేదు, పూర్తిగా దాచనూ లేదు. స్టీవ్ డెబర్గ్ ముందు ఆడుతుండగా, మోంటానాకు మొదటి ఏడాది ఒక మ్యాచ్, రెండో ఏడాది ఏడు మ్యాచ్‌లు ఆరంభించే అవకాశం ఇచ్చాడు. 1981 సీజన్‌లో జట్టు సూపర్ బౌల్ గెలిచింది. ఏమీ హామీ లేని కుర్రాడికి కొద్దికొద్దిగా నిజమైన ఆట రుచి చూపించడం బెంచీ, నడి మైదానం రెండింటికంటే మెరుగు.

కాబట్టి నా ఓటు ఇలా: లైన్ గట్టిగా ఉండి, కోఆర్డినేటర్ కనీసం రెండేళ్లు కదలడని నమ్మకముంటే మొదటి రోజు నుంచే ఆడించాలి. ఆ రెండింటిలో ఏది లేకపోయినా ఆపాలి. ఆపినవాడికి వారం వారం సొంత ఎత్తుగడలతో కొన్ని ఆటలు కేటాయించాలి.

టెక్సస్‌లో డాలస్, ఫ్రిస్కో వైపు స్థిరపడిన తెలుగువారి పిల్లలు స్కూలు జట్లలో చేరితే ఈ ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు లేని సౌకర్యం స్కూళ్లకు ఉంది: ఫ్రెష్‌మన్ (కొత్తవారి జట్టు), జూనియర్ వార్సిటీ (రెండో జట్టు), వార్సిటీ (ప్రధాన జట్టు) అని మెట్లున్నాయి. పదిహేనేళ్ల పిల్లవాడు శుక్రవారం రాత్రి వార్సిటీ బెంచీ మీద కొత్త జెర్సీతో కూర్చోవడం కంటే, జూనియర్ వార్సిటీలో మొత్తం ఆట ఆడటమే మేలు. కోచ్‌ను కలిసినప్పుడు తల్లిదండ్రులు ముందుగా అడగవలసినది జూనియర్ వార్సిటీ కూడా పెద్ద జట్టు ఎత్తుగడలనే, అవే పేర్లతో ఆడుతుందా అని.