ఇచిరోనా, ఆడమ్ డన్నా? లీగ్ సగటుతో పోల్చి చూస్తే ఎవరి బ్యాట్ మేలు

ఇద్దరూ అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోకి 2001లోనే వచ్చారు, ఇచిరో సుజుకీ సియాటిల్ మారినర్స్‌కి, ఆడమ్ డన్ సిన్సినాటి రెడ్స్‌కి. కెరీర్ మొత్తమ్మీద ఇచిరో బ్యాటింగ్ యావరేజ్ 0.311, డన్‌ది 0.237. ఇంత తేడా ఉన్నాక ఇంకా పోలికేంటి అని నేనూ చాలాకాలం అనుకున్నాను.

క్రికెట్ చూసి పెరిగినవాళ్లకి ఇక్కడే పొరపాటు జరుగుతుంది. బేస్‌బాల్‌లో యావరేజ్ అంటే పరుగుల లెక్క కాదు, ఎన్నిసార్లు ప్రయత్నిస్తే ఎన్ని హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరడం) వచ్చాయన్నదే. సింగిల్ (ఒక్క బేస్ వరకే తీసుకెళ్లే హిట్) అయినా హోమ్ రన్ (నాలుగు బేస్‌లూ చుట్టివచ్చే హిట్) అయినా దానికి ఒకటే. నాలుగు చెడ్డ బంతులు వదిలేసి వాక్ మీద ఫస్ట్ బేస్‌కి వెళ్తే అది అసలు లెక్కలోకే రాదు. డన్ సంపాదించుకున్నది ఎక్కువగా ఈ రెండు చోట్లే: 462 హోమ్ రన్లు, 1,317 వాక్‌లు. ఇచిరోకి అవి 117, 647.

2004 సీజన్ తీసుకోండి. ఇచిరో 262 హిట్లు కొట్టి, 1920 నుంచి జార్జ్ సిస్లర్ పేరు మీదున్న 257 రికార్డు దాటిన ఏడాది అది. మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఆయన ఆడిన అమెరికన్ లీగ్ యావరేజ్ 0.270 ఉంటే ఆయనది 0.372, అంటే వంద పాయింట్లు (0.001 ఒక పాయింట్) పైన, మాటలా! కానీ ఆ హిట్లలో 225 సింగిల్సే, అందుకే స్లగ్గింగ్ (ఒక్కో ప్రయత్నానికి సగటున ఎన్ని బేస్‌లు వచ్చాయన్న లెక్క) దగ్గరికొస్తే లీగ్ 0.433, ఆయన 0.455, అంతే తేడా. అదే ఏడాది డన్ యావరేజ్ 0.266, అతను ఆడిన రెండో భాగం నేషనల్ లీగ్‌ది 0.263, అచ్చం సగటు ఆటగాడిలా కనిపిస్తాడు. స్లగ్గింగ్ చూస్తే లీగ్ 0.423, డన్ 0.569. బేస్ మీదికి చేరడంలో (ఆన్‌బేస్, అంటే వాక్‌లు కూడా కలిపిన లెక్క) మాత్రం ఆ ఏడాది ఇచిరోదే పైచేయి, 0.414కి 0.388.

కెరీర్ మొత్తానికొస్తే అదీ తిరగబడుతుంది: డన్ ఆన్‌బేస్ 0.364, ఇచిరో 0.355. ఇది మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేక మళ్లీ సరిచూసుకున్నాను. మైదానాన్నీ కాలాన్నీ సర్దుబాటు చేసి లీగ్ సగటుని 100గా పెట్టే ఓపీఎస్ ప్లస్‌లో (ఆన్‌బేస్, స్లగ్గింగ్ రెండూ కలిపిన లెక్క) డన్ 124, ఇచిరో 107.

స్ట్రైకౌట్ల (బంతిని మైదానంలోకి కొట్టకుండానే మూడు స్ట్రైక్‌లతో ఔటవడం) మాటేంటి అంటారు. డన్‌వి 2,379, అవును, చాలా ఎక్కువ, 2004లోనే 195తో అప్పటి రికార్డు. మూడో బేస్‌లో రన్నర్ ఉన్నప్పుడు అది నిజంగా నష్టమే, బంతిని కొట్టి ఔటైనా ఆ రన్నర్ పరుగు చేసే అవకాశం ఉంటుంది కదా. కానీ మిగతా చాలా సందర్భాల్లో ఎలా ఔటైనా ఔటే, పైగా నేల మీదుగా వెళ్లే గ్రౌండ్ బాల్ కొడితే డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు ఔటవడం) భయం ఉంటుంది, స్ట్రైకౌట్‌కి అది దాదాపు ఉండదు.

ఇచిరోకి అన్యాయం చెయ్యకూడదు కాబట్టి ఇంకో మాట. ఆయన జపాన్‌లో 1,278 హిట్లు కొట్టాక 27 ఏళ్లకి అమెరికా వచ్చి 45 ఏళ్ల దాకా ఆడాడు, ఆ చివరి సంవత్సరాలే అంకెల్ని కిందికి లాగేశాయి. 2010 వరకు వరసగా పదేళ్లు 200 హిట్లు దాటాడు, అప్పటికి యావరేజ్ 0.331. డన్ 34కే ఆపేశాడు, 2011లో 0.159 కొట్టిన దారుణమైన సీజన్ కూడా ఉంది.

బ్యాట్ ఒక్కటే అడిగితే నేను డన్ పేరే చెప్తాను. ఆటగాడు కావాలంటే ఇచిరో, ఇందులో నాకు సందేహమే లేదు: 509 స్టోలెన్ బేస్‌లు (హిట్ లేకుండానే పరుగెత్తి దక్కించుకున్న బేస్‌లు), 10 గోల్డ్ గ్లవ్‌లు (ఉత్తమ ఫీల్డర్ అవార్డు), రైట్ ఫీల్డ్ నుంచి ఆ త్రో! డన్ ఫీల్డింగ్ జట్టుకి భారమే అయింది. 2025లో 394 ఓట్లలో 393 తెచ్చుకుని ఇచిరో హాల్ ఆఫ్ ఫేమ్‌కి (బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితా) వెళ్లడం న్యాయమే. 2020లో డన్‌కి పడింది ఒక్క ఓటు. ఆయన హాల్ ఆఫ్ ఫేమ్ స్థాయి అని నేను అనను, కానీ ఆ బ్యాట్‌కి ఒక్క ఓటు మరీ తక్కువ, 0.237 చూసి జనం అక్కడే ఆగిపోయారు.