పాత మెషీన్‌కు హైడ్రాలిక్ జాలీ కొంటున్నారా? మర పట్టిందని మోసపోకండి

పాత లోడర్లు, ట్రాక్టర్లు ఉన్నవాళ్లు హైడ్రాలిక్ ట్యాంకులో పంపు ఆయిల్ పీల్చుకునే చోట వడకట్టే సక్షన్ జాలీ మార్చాలనుకుంటే, ఇది చదివాక కొనండి.

మా లోడర్ జాలీ ఒకచోట చిరిగింది. ఆ పార్టు ఇప్పుడు కంపెనీ చేయట్లేదు. ఆన్‌లైన్‌లో ఒకాయన ‘మీ మోడల్‌కు కరెక్ట్‌గా సరిపోతుంది, ఫిల్టరింగ్ ఇంకా ఫైన్’ అన్నాడు. మర పట్టింది, పొడవూ సరిపోయింది. కొత్త ఆయిల్ పోసి బిగించేశాం. పాత జాలీని చెత్తలో పారేశాను. పప్పులో కాలేసింది అక్కడే.

మూడో రోజు పొద్దున స్టార్ట్ చేయగానే పంపు ఒకటే కూత. బకెట్ ఆగి ఆగి లేస్తోంది. సక్షన్ పైపు ఎక్కడో గాలి లాగుతోందనుకుని క్లిప్పులు, ఓ-రింగు మార్చాం. దండగ. గాలి లాగితే ట్యాంకులో నురగ కనిపించాలి కదా, మాకు నురగే లేదు. పైగా ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడే కూత ఎక్కువ. అంటే పంపుకు ఆయిల్ అందట్లేదన్నమాట.

జాలీ విప్పితే నలిగి లోపలికి పీక్కుపోయి ఉంది. అంచుకు టంకం లేదు, ఉత్త జిగురు! అది వేడి ఆయిల్‌కు మెత్తబడి ఊడొచ్చింది. ఇక మెష్ చూస్తే గుడ్డలా ఉంది. సక్షన్ జాలీ మామూలుగా 100 మెష్ (అంగుళానికి 100 రంధ్రాలు) ఉంటుంది, అంటే రంధ్రం దాదాపు 149 మైక్రాన్లు. 200 మెష్ అయితే 74కు పడిపోతుంది. ఎంత సన్నగా ఉంటే అంత మంచిదని మనం అనుకుంటాం. ఆయిల్ తిరిగి ట్యాంకులోకి వచ్చే దారిలోని రిటర్న్ లైన్ ఫిల్టర్‌కైతే అది నిజమే, అక్కడ ఆయిల్‌ను పంపు నెడుతుంది. సక్షన్ వైపు అలా నెట్టేది గాలి ఒత్తిడి ఒక్కటే. కాస్త అడ్డం పడినా ఆయిల్‌లో బుడగలు పుట్టి, పంపులో చిట్లి లోహాన్ని కొరికేస్తాయి. మా పంపు విప్పితే లోపలి ప్లేట్ల మీద గుంటలు పడి ఉన్నాయి. జిగురు ముక్కలు కూడా దొరికాయి.

అమ్మినాయన్ని అడిగితే ‘మీ ఆయిల్ బాగాలేదు’ అన్నాడు. వాడిన సరుకు రిటర్న్ తీసుకోడట.

కొనే ముందు మెష్ ఎంతో, అంచు టంకమా జిగురా అడగండి. పాత జాలీలో బైపాస్ వాల్వ్ (జాలీ మూసుకుపోతే ఆయిల్‌కు పక్కదారి ఇచ్చేది) ఉంటే కొత్తదానిలోనూ ఉండాలి. చెప్పలేకపోతే కొనొద్దు. చిరిగిన జాలీని మాత్రం పారేయకండి, దాని ఫ్రేముకు కొత్త మెష్ టంకం వేయించుకోవచ్చని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ జాలీ అదే ఫొటోతో ఇంకా అమ్మకానికి ఉంది.